పన్నెండో తారీకు

ఆ ఇంట్లో ఏడాదిగా రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి. వంటింట్లో గ్యాసు పొయ్యి కోడలిది. వెనక రేకుల కింద మూడు రాళ్ళు పేర్చిన కట్టెల పొయ్యి అత్తది. కొడుకుని చంపిన చేతి కూడు తినడం కంటే పస్తులుండటం నయమని ఎల్లవ్వ వాడకట్టంతా వినేలా ఒకసారి అన్నది. ఆ తర్వాత ఇంక అనాల్సిన పనే లేకపోయింది. ఇద్దరికీ పోవడానికి వేరే చోటు లేదు కాబట్టి ఒకే కప్పు కింద, ఒకరి ముఖం ఒకరు చూడకుండా కాలం వెళ్ళదీస్తున్నారు.

స్వరూప ఆ మాటకి ఎన్నడూ బదులు చెప్పలేదు. చెప్పడానికి ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే మాట. తను కంప్యూటర్‌లో కొట్టింది పన్నెండు, ఎనిమిది. ఆగస్టు పన్నెండు. విచారణ సంఘం ముందు ఆ మాట పదకొండుసార్లు చెప్పింది. పదకొండుసార్లూ వాళ్ళు ఎంతో మర్యాదగా తలలూపారు. చివరికి "ఉద్యోగి పొరపాటు" అని రాసి, సంతకాలు గీకి, కారెక్కి పోయారు. చదువుకున్నవాళ్ళు మనిషిని చంపే పద్ధతి అదే. నెత్తురు కనబడదు.

హనుమకొండ ఊరవతల, గుట్టల పక్కన ఉన్న ఆ పరిశోధన కేంద్రం పేరు సుప్తి. స్వరూప అందులో తొమ్మిదేళ్ళు టెక్నీషియన్‌గా చేసింది. సుప్తిలో జరిగే పని వింటే కట్టుకథలా ఉంటుంది, చూస్తే ఎంతో సాదాగా ఉంటుంది. తెగిన నరం అతుక్కోవాలంటే ఒళ్ళు కదలకూడదు. మనిషిని చల్లగా, లోతుగా నిద్రపుచ్చితే ఆ నిద్రలో నరం తనంతట తానే పెరిగి అతుక్కుంటుందని డైరెక్టర్ డాక్టర్ కరుణాకర్ కనిపెట్టాడు. ఆయన తెలివిని కాదనడానికి లేదు. పాపం రాసేటప్పుడు పుణ్యం కొట్టేయకూడదు.

నిద్రకు ఆయన చేసిన మందు, ఆవగింజలో పదో వంతు ఉండే సన్నటి గింజలు. ఒక్కో గింజ ఒక్కో రోజు నిద్ర. ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకోటి కరగడం మొదలుపెడుతుంది. ఎన్నాళ్ళు పడుకోవాలో అన్ని గింజలూ తొడ కండలోకి ఒక్కసారే ఎక్కించాలి. ఎక్కించాక తిరిగి తీయడం ఎవరి తరమూ కాదు. గింజల లెక్క మనిషి చేయడు. మేలుకోవాల్సిన తారీకు కొడితే, ఈ రోజు నుంచి ఆ రోజుదాకా దినాలు లెక్కబెట్టి మిషనే సూదిలో నింపుకుంటుంది. మరీ ఎక్కువైతే ఆపే అడ్డుకట్ట ఏదీ అందులో లేదా అని అడగొచ్చు. లేదు. అరవై రోజులు దాటితే ఒళ్ళు ఓర్చుకోదన్న సంగతి లోకానికి తెలిసిందే ఓదేలు వల్ల.

ఓదేలు స్వరూప భర్త. కరెంటు లైన్‌మన్. గాలివానలో తెగిన తీగ కడుతూ స్తంభం మీంచి పడ్డాడు. నడుం కింద ఒళ్ళు తనది కాకుండా పోయింది. అతని నరానికి ఇరవై నాలుగు రోజుల నిద్ర చాలని కరుణాకర్ లెక్కగట్టాడు. జూలై ఇరవైన పడుకుంటే ఆగస్టు పదమూడుకు లేవాలి.

పడుకోబెట్టే రోజు ఎల్లవ్వ కొడుకు మంచం పక్కన కూర్చుని వేళ్ళ మీద లెక్కబెట్టింది.

"పదమూడా? మంగళారం గదనే పిల్లా. అష్టమి సుత ఉన్నది. పోరన్ని కొత్తగ లేపి నడిపిచ్చేది మంగళారం అష్టమి నాడా?"

"మందుకు అష్టమి నవమి ఏముంటదత్తా," అంది స్వరూప.

"మందుకు లేదు, నాకున్నది. పన్నెండు సోమారం, సప్తమి. సావన మాసం. ఒక్క దినం ముందుగాల లేస్తే ఏం పోతది బిడ్డా? నీ కాళ్ళు మొక్కుత."

"అవ్వ మాట ఇను స్వరూపా," అన్నాడు ఓదేలు నవ్వుతూ. "ఎక్కువ పండుకుంటే నడుం నొస్తది నాకు."

అతని నడుముకు నొప్పి తెలిసి నాలుగు నెలలు. ఆ మాటకి ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే స్వరూప పోయి డైరెక్టర్‌ని అడిగింది. కరుణాకర్ కూడా నవ్వాడు.

"నరానికి పంచాంగం తెలియదమ్మా. కానీ మీ అత్తగారికి తెలుసు కదా. ఒక రోజు తగ్గితే కొంపలేం మునగవు. పన్నెండే వెయ్యి."

కొత్త కంప్యూటర్ వచ్చి అప్పటికి వారం. దాని మీద పడుకున్న మొదటి మనిషి ఓదేలే. తన చేతులతో తనే పడుకోబెడతానని స్వరూప పట్టుబట్టి ఆ పని తీసుకుంది. 12/08 అని కొట్టింది. తెర మీద "12/08. సరేనా?" అని వచ్చింది. సరే అని నొక్కింది. సూదిలో ఇరవై మూడు గింజలున్నా నూట నలభై ఒకటి ఉన్నా కంటికి తేడా తెలియదు. ఓదేలు ఆమె చెయ్యి పట్టుకుని, వేళ్ళు వదులయ్యేదాకా ఏదో వాగుతూనే నిద్రలోకి జారాడు.

ఆగస్టు పన్నెండున ఎల్లవ్వ కొత్త లుంగీ, అంగీ పట్టుకుని వచ్చి కూర్చుంది. ఓదేలు లేవలేదు. మరునాడూ లేవలేదు. మిషన్ లోపల లెక్క విప్పి చూస్తే నూట నలభై ఒకటి అని ఉంది. డిసెంబరు ఎనిమిది దాకా సరిపోయే నిద్ర. బతికే ఉన్నాడు. గుండె నిమిషానికి తొమ్మిదిసార్లు కొట్టుకుంటోంది. పిలిస్తే పలకడు. స్వరూప ఆ గాజు గది బయట నేల మీదే ఉండిపోయింది. ఎల్లవ్వ రోజూ వచ్చి అద్దం మీద తట్టి "ఓదేలూ, పొద్దెక్కింది బిడ్డా" అని పిలిచేది. అరవయ్యో రోజు నుంచి ఒక్కో అవయవమూ చాలిస్తూ వచ్చింది. అరవై ఏడో రోజున గుండె కూడా చాలించింది.

విచారణకు వచ్చినవాళ్ళు ఆ కంప్యూటర్‌లో తారీకులు కొట్టి చూశారు. పన్నెండు, ఎనిమిది అని కొడితే అది ఆగస్టు పన్నెండుగానే చదివింది. అంటే మిషన్ బాగానే ఉంది. నూట నలభై ఒకటి రావాలంటే కొట్టిన మనిషి నెల ముందు, దినం వెనక, తలకిందులుగా కొట్టి ఉండాలి. సొంత భర్త కాబట్టి చేతులు వణికి ఉంటాయి, పాపం. ఆ "పాపం" అన్న ముక్క కరుణాకర్ నోటి నుంచే వచ్చింది. దాంతో స్వరూప ఉద్యోగం పోయింది, పేరు పోయింది, అత్త పోయింది. ఆమెకే ఒక్కోసారి అనుమానం వచ్చేది. నిజంగానే నా వేళ్ళు తడబడ్డాయా అని కొన్ని నెలలపాటు తన చేతుల్ని తనే అసహ్యించుకుంది. మనిషికి తన చేతుల మీదున్న నమ్మకాన్ని దోచుకోవడం కన్నా పెద్ద దొంగతనం ఇంకోటి లేదు.

మళ్ళీ ఆగస్టు వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫర్హత్ వాళ్ళింటికి వచ్చింది. సుప్తిలో తారీకు చదివి గింజలు లెక్కబెట్టే ప్రోగ్రాం రాసింది ఫర్హతే. గడపలోనే నిలబడి, హెల్మెట్ చేతిలోంచి చేతిలోకి మార్చుకుంటూ చాలాసేపు లోపలికి రాలేదు.

"అక్కా, నువ్వు సరిగ్గనే కొట్టినవ్," అంది చివరికి.

స్వరూప కుర్చీ చూపించింది. ఎల్లవ్వ వెనక కట్టెల పొయ్యి ఊదుతోంది. అక్కడికి ఈ మాటలు వినబడవు.

"కంప్యూటర్‌ల ఒక అర ఉంటదక్కా. ఏ దేశం పద్ధతిల తారీకు రాయాల్నో అండ్ల పెడ్తరు. మనకు దినం ముందు, నెల వెనక. అమెరికోళ్ళకు నెల ముందు. నా ప్రోగ్రాం తారీకును తానుగ చదువది, ఆ అరను అడిగి చదువుతది. పాత కంప్యూటర్ మన పద్ధతిల ఉండె. కొత్తయి డబ్బల నుంచి తీసినప్పుడు అమెరికా పద్ధతిల ఉండె. ఎవ్వరు మార్చలే."

స్వరూప మెల్లగా అంది. "పన్నెండో నెల. ఎనిమిదో తారీకు."

"ఔ. డిసెంబరు ఎనిమిది."

"నీకెప్పుడు తెల్సింది?"

ఫర్హత్ తల వంచుకుంది. "ఓదేలన్నను పండవెట్టే మూడు దినాల ముందే. నా టేబుల్ మీది కొత్త దాంట్ల పరీక్షకని ఆగస్టు పదిహేను కొట్టిన. ఎర్రగయి ఆగింది. పదిహేనో నెల లేదు గద. ఏందని ఎతికితే ఇది దొరికింది. ఆ గదిల కంప్యూటర్ తాళం, అదే పాస్‌వర్డ్, సారు దగ్గర్నే ఉంటది. ఇది మార్చున్రి, లేకుంటె నేను నెల పేరు అక్షరాలల్ల వచ్చేటట్టు ప్రోగ్రాం మారుస్త, అప్పటిదాక ఎవల్నీ పండవెట్టకున్రి అని కాయితం రాసి సారు చేతికిచ్చిన. ఢిల్లీ వాళ్ళు చూడనీకి వస్తున్రు, ఆపితే పరువు పోతదన్నడు. 'తర్వాత చూద్దాం' అని దాని మీదనే రాసి సంతకం పెట్టిండు. అన్న పోయినంక నేను చూసేసరికి కంప్యూటర్‌ల మన పద్ధతే ఉన్నది. సారు ముందే మార్చిండు కావచ్చు, నువ్వే తప్పు కొట్టినవ్ కావచ్చనుకున్న."

"మరి ఇప్పుడెట్ల తెల్సింది?"

"ఆ కంప్యూటర్‌ను మొన్న చెరిపేయమని నాకు పంపిన్రు. ఏ మార్పు ఎప్పుడు జరిగిందో లోపల రాసుంటదక్కా. ఆగస్టు పన్నెండు సాయంత్రం మార్చిన్రు. అన్న లేవని రోజు. సారు తాళంతోని. నేను చూసి సాక్ష్యానికి బయటి మనిషిని పిలిచేలోపల దాన్ని పట్కపోయిన్రు. లోపలికి ఫోన్లు పోనియ్యరు, ఫోటో సుత లేదు. కాయితమేమో సారు బీరువల ఉన్నది, ఉన్నదో కాలిందో."

స్వరూప తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటి వంక చూసింది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా సెగ పుట్టింది. ఏడాదిగా తన మీదికి తనే తిప్పుకున్న కత్తికి ఇప్పుడు ఎటు తిరగాలో తెలిసింది. ఆ తెలియడంలో ఒక హాయి ఉంది, అది చెప్పుకుంటే సిగ్గుచేటే కానీ నిజం.

"నేను అప్పుడే మొత్తుకోవాల్సింది అక్కా," అని ఫర్హత్ కళ్ళు తుడుచుకుంది.

"మొత్తుకోలే నువ్వు. కాయితం రాసిచ్చి చేతులు కడుక్కున్నవ్," అంది స్వరూప. ఆ పిల్లని ఓదార్చడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు.

కాసేపటికి ఫర్హత్ చెప్పినదాంట్లోంచి ఇంకో ముక్క ఆమెకు తట్టింది. పదిహేను కొడితే ఎర్రగా అయి ఆగిందట.

"పదమూడు కొడితే?"

"పన్నెండు దాటినయి ఏదైనా ఆగుతుండెనక్కా." అనేశాక ఫర్హత్‌కి తను ఏమన్నదో అర్థమై నోరు మూసుకుంది.

స్వరూప వెనక తలుపులోంచి చూసింది. ఎల్లవ్వ పొగకు కళ్ళు నలుపుకుంటూ గొట్టంతో ఊదుతోంది. పదమూడు మంగళారం అన్న ముసలిది. కొడుకుని చంపిన చేతి కూడు తిననన్న ముసలిది. ఇప్పుడు లేచిపోయి ఒక్క మాట అంటే చాలు, ఆ గొట్టం చేతిలోంచి జారి పడుతుంది. స్వరూప ఆ మాటను కొంగున ముడేసుకుంది. వడ్డీతో సహా వడ్డించే రోజు వస్తుందిలే అనుకుంది.

ఆ రోజు తొందరగానే వచ్చింది. ఓదేలు పోయిన దగ్గర్నుంచి సుప్తిలో పడుకోవడానికి జనం భయపడుతున్నారు. ఆ భయం పోగొట్టడానికి డాక్టర్ కరుణాకర్ తానే అందరి ముందూ వారం రోజులు పడుకుంటానని ప్రకటించాడు. సెప్టెంబరు ఐదున పడుకుని పన్నెండున లేస్తాడు. అదే మిషన్, చెరిపి తెచ్చిన అదే కంప్యూటర్, అదే ప్రోగ్రాం. ఫర్హత్ ఎన్నిసార్లు అడిగినా ఆయన ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చనివ్వలేదు. మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా. టీవీల వాళ్ళను పిలిచారు. ఓదేలు తల్లి స్వయంగా వచ్చి డైరెక్టర్‌కి బొట్టు పెట్టి పంపుతుందని పేపర్లలో వేయించారు. ఎల్లవ్వకు కారు పంపిస్తామని, వెంట ఒకరు రావచ్చని కబురు వచ్చింది.

"సారు మంచోడు," అంది ఎల్లవ్వ గోడకు చెబుతున్నట్టు. "నా కొడుకు పీనుగకు దండం పెట్టిండు."

"వెంట నేనొస్త," అంది స్వరూప కూడా గోడకే.

కంటిచూపు సరిగా ఆనని ముసలమ్మకు కాదనే దారి లేకపోయింది.

ఐదో తారీకు పొద్దున ఏడింటికే స్వరూప సుప్తికి పోయింది. గేటు దగ్గర ఫర్హత్ తన పూచీ మీద లోపలికి తీసుకెళ్ళింది. గాజు గదిలో మంచం తెల్లటి దుప్పటితో సిద్ధంగా ఉంది. ఆ రోజు ఏర్పాట్ల కోసం సారు తనకిచ్చిన తాళంతో ఫర్హత్ కంప్యూటర్ తీసి, ఆ అర తెరిచి చూపించింది.

"నేను చాయ్ తాగొస్త," అని బయటికి పోయింది. ఆమె ఏం వదిలి వెళ్తోందో ఇద్దరికీ తెలుసు.

స్వరూప కూర్చుంది. దేశాల పేర్లు చాంతాడంత ఉన్నాయి. ఇండియా మీది నుంచి బాణం గుర్తును జరిపి అమెరికా మీద పెట్టి నొక్కింది. కింద నమూనాగా కనబడుతున్న ఈ రోజు తారీకు టక్కున తలకిందులైంది. ఇంకొక్క నొక్కు నొక్కితే చాలు. కరుణాకర్ కొట్టబోయే పన్నెండు, తొమ్మిది డిసెంబరు తొమ్మిది అవుతుంది. తొంభై ఐదు గింజలు. పన్నెండున ఆయన భార్య పిలుస్తుంది, పలకడు. అద్దం మీద తడుతుంది, పలకడు. అరవయ్యో రోజు, అరవై ఒకటో రోజు. స్వరూప ఒక్కో రోజునూ నోట్లో చప్పరించి చూసుకుంది. అంత రుచి ఆమెకు ఏడాదిలో ఏ మెతుకులోనూ తగల్లేదు.

కానీ ఆ తర్వాత? చచ్చినవాడికి సిగ్గుండదు. ఫోటోకు దండ పడుతుంది. సైన్సు కోసం ప్రాణమిచ్చిన మహానుభావుడని రోడ్డుకు పేరు పెడతారు. తాళం పట్టుకున్న ఫర్హత్ జైలుకు పోతుంది. "ఉద్యోగి పొరపాటు" అని ఇంకోసారి రాస్తారు, అవే అక్షరాలు. తాను మొగుణ్ణి చంపుకున్నదానిగానే మట్టిలో కలుస్తుంది. ఆయన చావడం తనకు చాలదు. ఆయన బతకాలి, బతికి తల దించుకోవాలి.

వద్దు అన్న చోట నొక్కింది. తారీకు మళ్ళీ మామూలైంది.

ఫర్హత్ తిరిగొచ్చి ముందు తెర చూసింది, తర్వాత ఊపిరి పీల్చుకుంది.

"మార్చలేదా అక్కా?"

"మార్చలే. మార్చిన అని సారుకు చెప్త. ఇగ ఆయిన ఏం జేస్తడో చూద్దాం."

పదకొండింటికి హాలు నిండింది. ముందు వరసలో, స్వరూప ఇంటికి తిరిగిపోయి కారులో వెంటబెట్టుకొచ్చిన ఎల్లవ్వ, పక్కన స్వరూప. గాజు గది పైన పెద్ద తెర వేలాడదీశారు. లోపల కంప్యూటర్ మీద ఏం జరిగినా అందులో అందరికీ కనబడుతుంది. కరుణాకర్ తెల్లటి పంచె, లాల్చీలో పెళ్ళికొడుకులా వచ్చాడు. ఎల్లవ్వ తడుముకుంటూ లేచి ఆయన నుదుట బొట్టు పెట్టింది. కెమెరాలు మెరిశాయి. ముసలమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డ స్వరూపను ఆయన అప్పుడు గుర్తుపట్టాడు. అయినా నవ్వు చెదరనివ్వలేదు.

ఆయన మెడకు ఇంకా మైకు తగిలించలేదు. స్వరూప దగ్గరికి వంగి, ఆయనకు మాత్రమే వినబడేలా అంది.

"పొద్దున మీ కంప్యూటర్ ముంగట కూసున్న సార్. అమెరికా పద్ధతి పెట్టిన. మిషన్‌ల తప్పు లేదన్నరు గద. మంచిగ పండుకోన్రి."

ఆయన నవ్వుతూనే లోపలికి పోయాడు. మైకు తగిలించారు. తారీకు తన చేత్తో తనే కొడతానని ముందే చాటించుకున్నాడు కాబట్టి కుర్చీలో కూర్చుని 12/09 అని కొట్టాడు. పెద్ద తెర మీద "12/09. సరేనా?" అని వచ్చింది.

అక్కడే ఉంది చిక్కు. మన పద్ధతిలో ఉన్నా, అమెరికా పద్ధతిలో ఉన్నా ఆ తెర అదే మాట అడుగుతుంది. అడిగే దాన్ని బట్టి లోపల ఏముందో ఎవరికీ తెలియదు. నిరుడు స్వరూపకు తెలియనట్టే.

ఆయన వేలు మీట మీదికి పోయి ఆగిపోయింది. హాలంతా చూస్తోంది. బొట్టు చెమటకు కరిగి ముక్కు మీదికి జారింది. మంచినీళ్ళు అడిగి తాగాడు. మళ్ళీ వేలు పెట్టాడు, తీశాడు.

"ఫర్హత్, దీన్ని పొద్దున ఎవరైనా ముట్టుకున్నారా?" గుసగుసగానే అడిగాడు కానీ మైకు దాన్ని హాలంతా పంచిపెట్టింది.

"లేదు సార్," అంది ఫర్హత్.

ఆయన నమ్మలేదు. నమ్మితే ఏ గొడవా ఉండేది కాదు. ప్రోగ్రాం పక్కకు తోసి, గబగబా ఆ అర తెరిచాడు. ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని కూడా ఆయనకు పడలేదు. ఇండియా అని ఉంది.

"హమ్మయ్య," అన్నాడు. అది కూడా మైకులో మోగింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత మనకు ఊరికే పుట్టలేదు. టీవీ నుంచి వచ్చిన ఒకమ్మాయి లేచి నిలబడింది.

"ఏం చూశారు సార్ అందులో?"

"ఏం లేదమ్మా. మామూలుగా చూసుకునేదే."

"మామూలుగ చూసుకునేదైతే విచారణ రిపోర్టుల దాని పేరే లేదేంది సార్?" ఫర్హత్ ముందుకొచ్చింది. "నిరుడు జూలైల నేను దీని గురించే కాయితం ఇచ్చిన. 'తర్వాత చూద్దాం' అని దాని మీద సంతకం పెట్టిన్రు మీరు."

హాలులో గోల మొదలైంది. స్వరూప గాజు దగ్గరికి పోయి నిలబడింది.

"అమెరికా పద్ధతి ఉంటే ఏమైతుండె సార్? చెప్పున్రి. నా మొగడు పండుకున్ననాడు అట్లనే ఉండె. ఆయిన లేవకపోయేసరికి మీరే మార్చిన్రు."

కరుణాకర్ తెలివైనవాడే. నోరు మూసుకుంటే ఇంకా గట్టెక్కేవాడేమో. కానీ అంతమంది ముందు, తను వీధిలో పడేసిన ఒక ఆడది తనను నిలదీయడం ఆయన ఓర్చుకోలేకపోయాడు.

"ఉంటే?" అని అరిచాడు. "ఉంటే ఏమైంది? నేనిచ్చిన తారీకు పదమూడు! పదమూడు వేసుంటే మిషన్ తీసుకునేదే కాదు, ఎర్రగా అయి అక్కడే ఆగిపోయేది. మంగళవారం వద్దు, అష్టమి వద్దు అని కాళ్ళావేళ్ళా పడి పన్నెండు చేయించుకుంది ఎవరు? మీరు! మీ అత్త! వాణ్ణి చంపింది మీ పంచాంగం!"

ఆయన అన్న ప్రతి మాటా కెమెరాల్లోకి పోయింది. పన్నెండుకూ పదమూడుకూ తేడా ఏమిటో, ఎందుకో ఏడాదిగా ఎరిగిన మనిషి మాత్రమే ఆ మాటలు అనగలడు. టీవీ అమ్మాయి ముఖం చూస్తే స్వరూపకు తెలిసిపోయింది, తను గెలిచింది.

ఎల్లవ్వ లేచి నిలబడింది.

"పిల్లా," అని పిలిచింది. కోడల్ని పిలిచి ఏడాది కావస్తోంది. "పదమూడైతే ఆగుతుండెనా?"

కొంగున ముడేసుకున్న మాట. ఆ రోజు కోసం ఎంత కాచుకుంది! తీరా ముసలిదాని కళ్ళు చూశాక ఆ ముడి విప్పబుద్ధి కాలేదు. కాదు అని ఒక్క అబద్ధం ఆడితే ఆ తల్లి బతుకుతుంది. కానీ కాదంటే కరుణాకర్ అరిచిందీ అబద్ధమవుతుంది, ఆయన ఆ సందులోంచే జారిపోతాడు. పగ తీరాలంటే దాని ఖరీదు ఈ ముసలిదే కట్టాలి.

"ఆగుతుండె అత్తా," అంది స్వరూప. ఆ మాట అంటుంటే ఆమెకు ఏ రుచీ తెలియలేదు.

ఎవరో కుర్చీ జరిపితే ఎల్లవ్వ తోసేసింది. కోడలి చెయ్యి కూడా పట్టుకోకుండా, వరసల అంచులు తడుముకుంటూ గాజు గది తలుపు దాకా నడిచింది. కావలివాళ్ళు అడ్డం రావాలో వద్దో తెలియక పక్కకు జరిగారు. ఆమె లోపలికి పోయి కరుణాకర్ ఎదురుగా నిలబడింది.

"పదమూడు వద్దన్నది నేనే సారూ," అంది. ఆ గొంతు కూడా ఆయన మైకులోంచే అందరికీ వినబడింది. "నాకు అచ్చరం ముక్క రాదు. తెల్వక అడ్డం పడ్డ. నా కొడుకును నేనే మింగిన. ఆ పాపం నేను సచ్చేదాక మోస్త, ఎవ్వలకియ్య. నువ్వు అట్ల గాదు. ఈ ఫర్హత్ పిల్ల కాయితం మీద రాసిచ్చింది నీకు. తెలిసి సప్పుడు జెయ్యలే. నా కొడుకు పీనుగ ముంగట చేతులు కట్టుకోని నిలవడ్డవ్. నా నోటితోని నా కోడల్ని మొగన్ని సంపినదనిపిచ్చినవ్."

కరుణాకర్ ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి ఎత్తింది. కొట్టలేదు. తడుముకుంటూ మంచం అంచు పట్టుకుని, ఆ తెల్లటి దుప్పటి ముడతలు సాఫు చేసింది, పసిపిల్లాడికి పక్క వేసినట్టు.

"ఇగ పండుకో," అంది. "తారీకు నేను చెప్త."

ఆయన వెనక్కి జరిగాడు. అద్దం వీపుకు తగిలేదాకా జరిగాడు. ఫర్హత్ స్వరూప వైపు చూసింది, పోయి ముసలమ్మను పట్టుకొమ్మన్నట్టు.

స్వరూప కదల్లేదు. అత్తను ఆపాలని ఆమెకు అనిపించలేదు.